తెర మారినా పని ఆగకూడదు

మన బ్యాంకు ఉద్యోగుల ఇళ్లలో కొన్నేళ్లకోసారి ఒక మాట వినిపిస్తుంది: "ఈ వారం బ్రాంచిలో కంప్యూటర్లు మారుస్తున్నారు, ఇంటికి రావడం ఆలస్యమవుతుంది." వినేవాళ్లకు ఇది వింతగానే ఉంటుంది. కొత్త యంత్రం వస్తే పని త్వరగా కావాలి కదా, ఆలస్యం ఎందుకు? మా ఇంట్లోనూ ఈ ప్రశ్న చాలాసార్లు వచ్చింది. నా సర్వీసులో ఎక్కువ భాగం సమాచార సాంకేతిక విభాగంలో, ఇలాంటి మార్పిడి పనుల్లోనే గడిచింది. అందుకే ఆ ప్రశ్నకు కొంచెం తీరిగ్గా జవాబు చెప్పాలనిపించింది.

కంప్యూటర్ తెరను కొత్తగా తీర్చిదిద్దడం అంత కష్టం కాదు. ఆ తెర మీద అప్పటికే నడుస్తున్న పాత ప్రోగ్రాములను కొత్త తెరలోనూ నడిపించడమే కష్టం. అద్దెకున్నవాళ్లను ఖాళీ చేయించకుండా ఇల్లు బాగుచేయించిన వాళ్లకు ఈ బాధ తెలుస్తుంది. గోడ పడగొట్టాలంటే ఆ గోడకు ఎవరి అలమారా ఆనుకుని ఉందో ముందు చూసుకోవాలి.

ఈ పాత ప్రోగ్రాములను మా విభాగంలో ‘లెగసీ అప్లికేషన్లు’ అంటారు. లెగసీ అంటే వారసత్వం. వారసత్వంలో ఆస్తితో పాటు అప్పులూ వస్తాయని బ్యాంకువాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. ఈ ప్రోగ్రాముల సంగతీ అంతే. వాటిలో ఏళ్ల తరబడి పోగైన లెక్కలు, అనుభవం ఉంటాయి. వాటితో పాటు పాత అలవాట్లు, పాత లోపాలు కూడా ఉంటాయి.

ఇంట్లోనే చేసి చూడండి

మీ ఇంట్లో విండోస్ కంప్యూటర్ ఉంటే చిన్న పరీక్ష చేయండి. డెస్క్‌టాప్ మీద కొత్త ఫోల్డరు తెరిచి, దానికి సి, ఓ, ఎన్ అనే మూడు ఇంగ్లిషు అక్షరాలతో పేరు పెట్టండి. కంప్యూటర్ ఒప్పుకోదు. దీని గురించి మన దేశంలో రకరకాల కథలు ఫార్వర్డ్ మెసేజీలుగా తిరిగాయి. బిల్ గేట్స్‌కే జవాబు తెలియదని కూడా కొందరు రాశారు. నిజానికి ఇందులో మర్మమేమీ లేదు.

1981లో వచ్చిన తొలి డాస్‌లో ఫోల్డర్లు లేవు. కీబోర్డు, తెరలను కలిపి ఆ మూడక్షరాల పేరుతో పిలిచేవారు. ప్రింటరుకు పీఆర్ఎన్ అని పేరు. ప్రోగ్రాములు ఆ పేరు రాస్తే చాలు, సమాచారం ఆ పరికరానికి వెళ్లేది. 1983లో ఫోల్డర్లు వచ్చాయి. అప్పటికే రాసి ఉన్న ప్రోగ్రాములకు ఫోల్డరు అనే ఊహే లేదు. అవి ఏ ఫోల్డరులో ఉండి పిలిచినా ప్రింటరు పలకాలి కాబట్టి, ఆ పేర్లను అన్ని ఫోల్డర్లలోనూ పరికరాలకే అట్టిపెట్టారు. ఇన్ని దశాబ్దాల తరవాత కూడా మన పిల్లవాడు ఆ పేరుతో ఫోల్డరు తెరవలేకపోవడానికి కారణం అదే.

హార్డ్ డిస్కుకు ‘సి’ అనే పేరు కూడా అలాంటిదే. ఏ, బీ అక్షరాలు ఫ్లాపీ డిస్కులవి. ఫ్లాపీలు కనుమరుగై చాలా కాలమైంది. కానీ ‘సి’ అని నమ్మి రాసిన ప్రోగ్రాములు లెక్కలేనన్ని ఉన్నాయి కాబట్టి ఆ పేరు అలాగే ఉండిపోయింది.

పాత ప్రోగ్రాం ఎందుకు మొరాయిస్తుంది?

ఒక ప్రోగ్రాం తన చుట్టూ ఉన్న డెస్క్‌టాప్‌ను ఎన్నో విధాల నమ్ముకుని ఉంటుంది. నేను చూసినంతవరకు ఆ నమ్మకాలు నాలుగు రకాలు.

మొదటిది తెర. పాత ప్రోగ్రాం రాసినవాళ్లు తెర మీద అంగుళానికి 96 చుక్కలే ఉంటాయని అనుకున్నారు. ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో చుక్కలు అంతకంటే దట్టంగా ఉంటాయి. పాత ప్రోగ్రాం అందులో చీమ తలకాయంత అక్షరాలతో కనబడుతుంది. విండోస్ దాన్ని సాగదీసి పెద్దది చేస్తుంది, అప్పుడు అక్షరాలు మసకబారతాయి. ‘కొత్త ల్యాప్‌టాప్ కొన్నాం, ఈ ఒక్క ప్రోగ్రామే మసగ్గా ఉందేమిటి’ అని మీకు అనిపించి ఉంటే, లోపం మీ కళ్లద్దాలది కాదు.

రెండోది స్థలం, అధికారం. ఒకప్పుడు ప్రతి ప్రోగ్రామూ ఇంటి యజమానిలా ఎక్కడ పడితే అక్కడ ఫైళ్లు రాసుకునేది. 2007లో విండోస్ విస్టా వచ్చినప్పుడు భద్రత కోసం ఆ స్వేచ్ఛను తగ్గించారు. దాంతో పాత ప్రోగ్రాములు ఆగిపోయే ప్రమాదం వచ్చింది. అందుకని ఒక ఏర్పాటు చేశారు. ప్రోగ్రాం నిషిద్ధ స్థలంలో రాయబోతే, ఆ ఫైలును చప్పుడు లేకుండా వాడుకరి సొంత ఫోల్డరులోకి మళ్లిస్తారు. ప్రోగ్రాం మాత్రం తాను కోరిన చోటే రాశాననుకుంటుంది. ఇల్లు మారినవాళ్ల ఉత్తరాలను పోస్టుమ్యాన్ కొత్త చిరునామాకు చేర్చడంలాంటిదే ఇది.

మూడోది పేరు, వయసు. కొన్ని ప్రోగ్రాములు మొదలవగానే ‘నువ్వు ఏ వెర్షన్ విండోస్‌వి?’ అని అడుగుతాయి. తెలియని సంఖ్య వినబడితే నడవడం మానేస్తాయి. అందుకే విండోస్ 7 తన లోపలి సంఖ్యను 7 అని కాక 6.1 అని చెబుతుంది. విస్టా సంఖ్య 6.0 కాబట్టి, విస్టాకు అలవాటు పడ్డ ప్రోగ్రాములు బెదరకుండా ఉంటాయని. విండోస్ 11 కూడా లోపల ఇంకా 10.0 అనే చెప్పుకుంటుంది.

నాలుగోది యంత్రమే మారడం. 16 బిట్ల కాలంలో రాసిన ప్రోగ్రాములు 64 బిట్ల విండోస్‌లో అసలు మొదలే కావు. ఇక్కడ చిన్న చిన్న సర్దుబాట్లు పనిచేయవు. పాత యంత్రాన్ని కొత్త యంత్రం లోపల అనుకరించాల్సిందే.

1995 నాటి పాఠం

డెస్క్‌టాప్ రూపాన్ని సమూలంగా మార్చిన సందర్భాల్లో 1995 ఆగస్టు 24న విడుదలైన విండోస్ 95 పెద్దది. స్టార్ట్ బటన్, టాస్క్‌బార్ అప్పుడే వచ్చాయి. అంతవరకు విండోస్ 3.1లో ‘ప్రోగ్రాం మేనేజర్’ అనే పెట్టెలోంచి ప్రోగ్రాములు తెరిచేవారు.

తెర అంత మారినా, పాత ప్రోగ్రాం మేనేజర్‌నూ, పాత ఫైల్ మేనేజర్‌నూ విండోస్ 95లో తీసెయ్యలేదు. కొత్తది నచ్చనివాళ్లు పాతవి తెరుచుకోవచ్చు. ఫైళ్ల పేర్లదీ అదే కథ. డాస్‌లో పేరుకు ఎనిమిది అక్షరాలు, చుక్క తరవాత మూడు అక్షరాలే అనుమతి. విండోస్ 95లో 255 అక్షరాల దాకా పెట్టుకోవచ్చన్నారు. మరి ఎనిమిది అక్షరాలకు మించి చదవలేని పాత ప్రోగ్రాముల గతేమిటి? ప్రతి పెద్ద పేరుకూ వెనకాల ఒక పొట్టి పేరు తగిలించారు. మొదటి ఆరు అక్షరాలు, ఆ పక్కన ఒక వంకర గీత, ఒక అంకె. కొత్త ప్రోగ్రాములకు అసలు పేరు, పాతవాటికి ముద్దుపేరు. రెండు పేర్లతో పిలిచినా పలికేది ఒకే ఫైలు.

మన రంగంలోనూ ఇలాంటిది చూశాం. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకు ఆఫ్ ఇండియాలో విలీనమైనప్పుడు, పాత ఐఎఫ్ఎస్ కోడ్లు, పాత చెక్కులు వెంటనే చెల్లకుండా పోలేదు. ఖాతాదారులు జీతాలు ఇచ్చే సంస్థలకు, గ్యాస్ ఏజెన్సీలకు, పిల్లల కాలేజీలకు కొత్త వివరాలు చెప్పుకునే దాకా కొంతకాలం గడువిచ్చారు. కంప్యూటర్ భాషలో చెప్పాలంటే అది లెగసీ సపోర్టే.

విండోస్ 95 తయారీ గురించి మైక్రోసాఫ్ట్ ఇంజనీరు రేమండ్ చెన్ ఒక సంగతి రాశారు. అభివృద్ధి విభాగం మేనేజరు తన ట్రక్కులో సాఫ్ట్‌వేర్ దుకాణానికి వెళ్లి, అక్కడ దొరికిన ప్రతి ప్రోగ్రామూ ఒక్కో కాపీ కొనుక్కొచ్చారట. వాటిని ఉద్యోగులకు పంచి, కొత్త విండోస్‌లో నడుస్తున్నాయో లేదో చూడమన్నారట. సిమ్‌సిటీ అనే ఆట సంగతి కూడా బాగా ప్రచారంలో ఉంది. తాను ఖాళీ చేసిన మెమొరీని వెంటనే మళ్లీ వాడే లోపం ఆ ఆటలో ఉండేది. గది ఖాళీ చేసి తాళం అప్పగించాక, మర్చిపోయిన గొడుగు కోసం మళ్లీ లోపలికి వెళ్లినట్టు. పాత విండోస్‌లో ఆ గది అప్పటికింకా ఖాళీగానే ఉండేది కనుక ఇబ్బంది కలగలేదు. కొత్త విండోస్‌లో అది కుదరదు. అప్పుడు విండోస్ వాళ్లు, నడుస్తున్నది ఆ ఆట అయితే గదులను కాసేపు ఎవరికీ ఇవ్వకుండా ఉంచే ఏర్పాటు చేశారు. తప్పు ఆటది, సవరణ విండోస్‌ది. ఎందుకంటే ఆట ఆగిపోతే కొనుక్కున్నవాడు ఆటను తిట్టడు. ‘నిన్నటిదాకా బాగానే ఉంది, ఈ కొత్త విండోస్ వచ్చాకే పాడైంది’ అంటాడు.

ఈ ఒక్క వాక్యం మార్పిడి పని చేసేవాళ్లందరూ గుర్తుపెట్టుకోవాలి. బ్రాంచిలోనైనా అంతే. ఖాతాదారుకు తప్పు ఏ ప్రోగ్రాముదో తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. నిన్న అయిన పని ఇవాళ కావడం లేదన్నదే అతనికి తెలుసు.

వేళ్లకు ఉండే జ్ఞాపకం

పాత ప్రోగ్రాములతో పాటు పాత అలవాట్లనూ బతికించాలి. రిజర్వు బ్యాంకు నియమించిన డాక్టర్ సి. రంగరాజన్ కమిటీ 1984లో ఇచ్చిన నివేదికతో మన బ్యాంకుల్లో లెడ్జర్ పోస్టింగ్ యంత్రాలు వచ్చాయి. ఆ తరవాత నల్ల తెర మీద పచ్చ అక్షరాలు, మౌస్ లేని కీబోర్డు. ఆ కాలం నుంచి వచ్చిన మన క్యాషియర్లు కీబోర్డు వంక చూడకుండానే ఖాతా నంబరు, మొత్తం, చెక్కు నంబరు కొట్టుకుంటూ పోయేవారు. చూపు నోట్ల మీద, మాట ఖాతాదారుతో, వేళ్లు వాటి దారిన అవి.

ఇలాంటి తెరను అందంగా మార్చి, మౌస్‌తో నొక్కే బటన్లు పెట్టి, పాత మీటలు తీసేస్తే ఏమవుతుంది? ఒక్కో వోచరుకు కొన్ని సెకన్లు పెరుగుతాయి. ఒకటో తేదీన పింఛనుదారుల వరుసలో ఆ సెకన్లన్నీ కలిస్తే, చివర నిలబడ్డ పెద్దాయన మధ్యాహ్నం మాత్ర వేసుకునే వేళ దాటిపోతుంది. అందుకే కొత్త తెరల నమూనాలు చూసేటప్పుడు మేం మొదట రంగుల గురించి అడిగేవాళ్లం కాదు. ట్యాబ్ మీట నొక్కితే కర్సరు ఏ వరుసలో కదులుతుంది, పాత ఫంక్షన్ మీటలు అవే పనులు చేస్తున్నాయా లేదా అన్నవే మా మొదటి ప్రశ్నలు.

దీన్ని చక్కగా చేసిన ఉదాహరణ మీ అందరికీ తెలిసిన ఎక్సెల్‌లోనే ఉంది. 2007లో ఆఫీస్ రూపం పూర్తిగా మారింది. పాత మెనూలు పోయి ‘రిబ్బన్’ వచ్చింది. కానీ ‘పేస్ట్ స్పెషల్’ కోసం ఆల్ట్ నొక్కి, వరసగా ఇ, ఎస్ కొట్టడం అలవాటైన గుమాస్తాల గతి? ఆ ఎడిట్ మెనూ తెర మీద లేకపోయినా ఆ మీటలు నొక్కితే పని జరిగేలా ఉంచారు. ఇప్పటికీ జరుగుతుంది. మెనూ కంటికి కనబడదు, వేళ్లకు మాత్రం దొరుకుతుంది.

ఎక్సెల్‌లో ఇంకో వారసత్వం ఉంది. ఏదైనా గడిలో 60 అని టైపు చేసి, దాన్ని తేదీగా మార్చి చూడండి. 1900 ఫిబ్రవరి 29 అని చూపిస్తుంది. ఆ సంవత్సరం లీపు సంవత్సరం కాదు. వందతో భాగించబడి, నాలుగు వందలతో భాగించబడనివి లీపు సంవత్సరాలు కావు. 1983లో వచ్చిన లోటస్ 1-2-3 అనే ప్రోగ్రాం 1900ను లీపు సంవత్సరంగా లెక్కేసింది. లోటస్ ఫైళ్లు తెరిస్తే తేదీలు ఒక రోజు అటూ ఇటూ కాకూడదని ఎక్సెల్ ఆ తప్పును తెలిసే స్వీకరించింది. ఇప్పుడు సరిదిద్దితే ప్రపంచంలోని షీట్లన్నిట్లో తేదీల సంఖ్యలు ఒకటి మారతాయి. ఒక్క రోజు తేడా అంటే వడ్డీ లెక్కల్లో ఏమవుతుందో మన ఇళ్లలో పిల్లలు కూడా చెప్పగలరు. కాబట్టి లేని రోజు అలాగే ఉండిపోయింది.

పాతది ఉంచినా మనిషి తప్పిపోయాడు

దీనికి ఎదురు ఉదాహరణ 2012 అక్టోబరు 26న వచ్చిన విండోస్ 8. వేలితో తాకే టాబ్లెట్ల కోసం తెరను పలకలతో నింపారు. స్టార్ట్ బటన్ తీసేశారు. విచిత్రమేమంటే, పాత ప్రోగ్రాములు అందులో దాదాపు యథాతథంగా నడిచేవి. సాంకేతికంగా లెగసీ సపోర్టు బాగానే ఉంది. కానీ ఆ ప్రోగ్రాములను చేరే దారి మారింది. ఇంట్లో సామాను అంతా ఉంది, వీధి తలుపు ఎటు ఉందో తెలియదు. కంప్యూటర్ ఎలా ఆపాలో తెలియక జనం తికమకపడ్డారు. ఏడాది తిరగకుండానే 8.1లో స్టార్ట్ బటన్ తిరిగొచ్చింది. 2015లో విండోస్ 10తో స్టార్ట్ మెనూ కూడా వచ్చింది. ప్రోగ్రాం నడిస్తే సరిపోదు, మనిషి దాన్ని వెతుక్కోగలగాలి అన్నది ఇందులోని పాఠం.

ఆపిల్ వాళ్ల పద్ధతి వేరు. వాళ్లు పాతదాన్ని కొంతకాలమే మోస్తారు. 2001లో మ్యాక్ ఓఎస్ టెన్ వచ్చినప్పుడు పాత ప్రోగ్రాముల కోసం ‘క్లాసిక్’ అనే అర ఇచ్చారు, 2007లో తీసేశారు. 2006లో ఇంటెల్ ప్రాసెసర్లకు మారినప్పుడు ‘రొజెట్టా’ అనే అనువాదకుణ్ని పెట్టారు, 2011లో పంపించేశారు. 2019లో 32 బిట్ల ప్రోగ్రాములకు సెలవు చెప్పారు. 2020లో సొంత ప్రాసెసర్లకు మారినప్పుడు రొజెట్టా 2 వచ్చింది. ఇందులో తెర శుభ్రంగా ఉంటుంది. కానీ పాత ప్రోగ్రాంను నమ్ముకున్నవాళ్లు ప్రతి కొన్నేళ్లకూ మూట సర్దుకోవాలి. ఒకటి గొప్ప, ఇంకొకటి తక్కువ అని నేననను. బ్యాంకుకు సరిపోయేది మాత్రం గడువు ముందుగా చెప్పి, దారి చూపించి, అప్పుడు తలుపు మూసే పద్ధతి.

పాత కంప్యూటర్‌లో ఒక కుటుంబం లెక్క

పాత ప్రోగ్రాం ఆగిపోతే పోయేది సౌకర్యం ఒక్కటేనా? కాదని చెప్పడానికి నాకు తెలిసిన ఒక సంగతి రాస్తాను. 2010లో బ్యాంకు ఉద్యోగులకు పెన్షన్ ఎంచుకోవడానికి రెండోసారి అవకాశం వచ్చింది. ప్రావిడెంట్ ఫండ్ తీసుకుని రిటైరైనవాళ్లు, మరణించిన ఉద్యోగుల కుటుంబాలు కూడా, బ్యాంకు వంతు ఫండ్‌ను నిర్ణయించిన అదనపు మొత్తంతో తిరిగి కట్టి పెన్షన్‌లో చేరవచ్చన్నారు. అందుకు పాత ఫండ్ లెక్కలు కావాలి.

ఒక కార్యాలయంలో ఆ లెక్కలు ఫాక్స్‌ప్రోలో రాసిన పాత డాస్ ప్రోగ్రాంలో ఉండేవి. దాన్ని రాసిన ఉద్యోగి రిటైరయ్యారు. సరిగ్గా అప్పుడే అక్కడికి 64 బిట్ల విండోస్ 7 కంప్యూటర్లు వచ్చాయి. ప్రోగ్రాం వాటిలో మొదలు కాలేదు. పాత కంప్యూటర్‌ను తుక్కు సామాను జాబితాలో చేర్చారు. ఆ వారంలోనే ఒకావిడ దరఖాస్తు పట్టుకుని వచ్చింది. ఆమె భర్త మా దగ్గర గుమాస్తాగా పనిచేసి, సర్వీసులో ఉండగానే పోయారు. ఎంత తిరిగి కట్టాలో చెబితే డబ్బు ఏర్పాటు చేసుకుంటానంది. గడువు దగ్గర పడుతోంది. చెప్పాల్సిన అంకె తుక్కు జాబితాలో ఉంది.

పాత యంత్రాన్ని స్టోరు గదిలోంచి తెప్పించాం. మొదట డిస్కులో ఉన్నదంతా యథాతథంగా నకలు తీశాం. తరవాత విండోస్ 7 లోపల పాత ఎక్స్‌పీని నడిపే ‘ఎక్స్‌పీ మోడ్’ అనే ఏర్పాటు ఉండేది, అందులో ప్రోగ్రాంను తెరిచాం. అంటే కొత్త ఇంట్లోనే పాత ఇంటి గదిని మళ్లీ కట్టడమన్నమాట. నల్ల తెర మీద ఆయన పేరు, ఫండ్ నంబరు, నెలనెలా జమలు కనిపించాయి. ఆ అంకెలను కాగితం లెడ్జరుతో సరిచూసి లెక్క ఇచ్చాం. ఆమె గడువులోగా డబ్బు కట్టింది, కుటుంబ పెన్షన్ మంజూరైంది.

ఆ తరవాత మిగతా ఉద్యోగుల లెక్కలన్నీ అందులోంచి బయటికి తీసి, ఏ ప్రోగ్రామైనా చదవగలిగే సాధారణ పట్టికల్లో భద్రపరిచాం. ప్రోగ్రాంను బతికించడం తాత్కాలికం, అందులోని సమాచారాన్ని బతికించడం శాశ్వతం. పాత చింతకాయ పచ్చడి అని తీసిపారేసే దాంట్లో ఎవరి బతుకు ఉందో జాడీ మూత తీసి చూశాకే నిర్ణయించాలి.

తలుపు ఎప్పుడు మూయాలి?

అలాగని పాతదాన్ని కలకాలం మోయకూడదు. విండోస్ ఎక్స్‌పీ 2001లో వచ్చింది. 2014 ఏప్రిల్ 8తో దానికి మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసింది. ఆ తరవాత కూడా ఎన్నో ఏటీఎంలు దాని మీదే నడిచాయి. చివరికి రిజర్వు బ్యాంకు 2018 జూన్‌లో ఉత్తర్వు ఇచ్చి, 2019 జూన్‌కల్లా ఏటీఎంలన్నీ మద్దతు ఉన్న వ్యవస్థలోకి మారాలని దశలవారీ గడువులు పెట్టింది.

ఆ తొందరకు కారణం లేకపోలేదు. 2017 మేలో ‘వాన్నాక్రై’ అనే వైరస్ ప్రపంచాన్ని చుట్టేసింది. బ్రిటన్‌లో ఆసుపత్రుల పని స్తంభించింది. ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దెబ్బతిన్నాయి. పాత యంత్రాలతో ఫైళ్లు పంచుకోవడానికి ఉంచిన ఒక పాత పద్ధతిలోని లోపం గుండా అది పాకింది. దానికి సవరణ రెండు నెలల ముందే విడుదలైంది. వేసుకోనివాళ్లు చిక్కుకున్నారు. ఎవరూ వాడని పెరటి తలుపును పాతవాళ్లెవరైనా వస్తారేమోనని తెరిచి ఉంచితే, దొంగ కూడా ఆ దారినే వస్తాడు.

మధ్యేమార్గానికి మంచి ఉదాహరణ బ్రౌజరు. బ్యాంకుల్లో, ప్రభుత్వ కార్యాలయాల్లో చాలా అప్లికేషన్లను ఒకప్పుడు ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కే పనికొచ్చేలా రాశారు. 2022 జూన్ 15న ఆ బ్రౌజరు విశ్రాంతి తీసుకుంది. దాని స్థానంలో వచ్చిన ఎడ్జ్ బ్రౌజరులో ‘ఐఈ మోడ్’ అనే గది ఉంది. సంస్థ జాబితాలో చేర్చిన పాత సైట్లు ఆ గదిలో తెరుచుకుంటాయి, మిగతా ప్రపంచమంతా కొత్త బ్రౌజరులో తెరుచుకుంటుంది. కనీసం 2029 దాకా దీన్ని ఉంచుతామని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. పాతదానికి హద్దు గీశారు, గడువూ చెప్పారు. ఆ గడువులోగా అప్లికేషన్‌ను తిరిగి రాసుకోవడం మన వంతు.

మన తెలుగు ఫైళ్లు

ఈ సమస్య మన భాషకూ ఉంది. యూనికోడ్ తెలుగు అందరికీ అలవాటు కాకముందు పెళ్లి శుభలేఖలు, కరపత్రాలు, పుస్తకాలు అను ఫాంట్ల వంటి వాటితో కూర్చేవారు. వాటిలో ఇంగ్లిషు అక్షరాల స్థానాల్లో తెలుగు అక్షరాల ముక్కలు ఉంటాయి. ఆ ఫాంటు ఉన్న కంప్యూటర్‌లో తెరిస్తే చక్కటి తెలుగు, లేనిచోట అర్థంకాని ఇంగ్లిషు అక్షరాల గుంపు. యూనికోడ్‌లో అలా కాదు, ప్రతి తెలుగు అక్షరానికీ తనదైన సంఖ్య ఉంది. 2001 నాటి ఎక్స్‌పీలోనే గౌతమి అనే తెలుగు ఫాంటు వచ్చింది. ఇప్పుడు ఫోనులోనూ అదే యూనికోడ్.

మీ ఇంట్లో నాన్నగారు టైపు చేయించిన వంశవృక్షమో, అమ్మమ్మ పాటల పుస్తకమో పాత ఫాంటులో ఉంటే, అది తెరుచుకునే కంప్యూటర్ ఉండగానే యూనికోడ్‌లోకి మార్పించండి. మార్చాక ఒకసారి పూర్తిగా చదవండి. వత్తులు, సంయుక్తాక్షరాల దగ్గర తప్పులు దొర్లుతుంటాయి.

ఇంటి కంప్యూటర్ మార్చే ముందు

విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది కాబట్టి చాలా ఇళ్లలో ఈ పని ఎదురుగా ఉంది. మా విభాగంలో పాటించిన క్రమమే ఇంటికీ పనికొస్తుంది.

ముందు మీరు నిజంగా వాడే ప్రోగ్రాముల జాబితా రాయండి. ఏడాదికి ఒకసారి వాడేవి మర్చిపోవద్దు, తీరా అవసరమైనప్పుడు మొరాయించేవి అవే. పాత ప్రింటరు, స్కానరు కొత్త విండోస్‌కు పనికొస్తాయో లేదో కొనకముందే కనుక్కోండి.

తరవాత ఫైళ్ల నకలు విడిగా ఒక డిస్కులో తీయండి. తీసిన నకలు తెరుచుకుంటోందో లేదో వేరే కంప్యూటర్‌లో చూడండి.

ప్రోగ్రాం మొరాయిస్తే, దాని ఫైలు మీద కుడి మీట నొక్కి ‘ప్రాపర్టీస్’లో ‘కంపాటిబిలిటీ’ అనే చోట పాత వెర్షన్ ఎంచుకుని ప్రయత్నించండి. అప్పటికీ నడవకపోతే దాని సమాచారాన్ని బయటికి తీసే దారి వెతకండి.

అన్నిటికంటే ముఖ్యం, పాత కంప్యూటర్‌ను కనీసం ఒక నెల ఎవరికీ ఇవ్వకండి. ఇచ్చేటప్పుడు డిస్కులోని సమాచారాన్ని పూర్తిగా చెరిపించండి, అందులో మీ బ్యాంకు కాగితాలూ ఉండొచ్చు.

ఇంట్లో పెద్దవాళ్లు అదే కంప్యూటర్ వాడుతుంటే ఇంకొక్క మాట. డెస్క్‌టాప్ మీద వాళ్ల బొమ్మలు పాత చోట్లలోనే పెట్టండి. విండోస్ 11లో మధ్యకు జరిగిన స్టార్ట్ బటన్‌ను సెట్టింగుల్లో మళ్లీ ఎడమకు జరపవచ్చు. మనకది చిన్న విషయం. రోజూ అక్కడే వేలు పెట్టి మనవడితో వీడియోలో మాట్లాడే తాతగారికి అది దారి.

ఈసారి మీ ఇంట్లోవాళ్లు ‘బ్రాంచిలో కంప్యూటర్లు మారుస్తున్నారు’ అని ఆలస్యంగా వస్తే, ఆ సాయంత్రం వాళ్లు ఏం చేస్తున్నారో ఇప్పుడు మీకు తెలుసు. తెల్లారి పది గంటలకు తలుపు తీసేసరికి, నిన్న జరిగిన పనులన్నీ కొత్త తెర మీద కూడా జరిగేలా ఒక్కొక్కటీ నొక్కి చూసుకుంటున్నారు.